ఒంగోలు క్లౌ దొరగారు

మన భాష నేర్చి మన నడుమ బ్రతికిన ఒక పరదేశిని ఈ ఉగాదినాడు స్మరింపదలచితిమి. 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిన జాన్ ఎవరెట్ క్లౌ గారు 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అచట బాప్టిస్టు సంఘము వెలసెను.

అప్పటికే మాదిగ కులస్థులైన యర్రగుంట్ల పేరయ్య గారు క్రీస్తును నమ్మి, తమవారికి బోధించుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని పై కులములవారు కొందరు పట్టుబట్టిరి. దొరగారు వారికొరకై వీరిని త్రోసివేయలేదు. అందరికిని తలుపు తెరచియే యుంచిరి.

ధాత కరవు వచ్చినపుడు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. కూటికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1910లో దొరగారు స్వదేశమున కన్నుమూసిరి.

పొరుగుసీమకు వచ్చి వాకిట నిలుచుట ఎట్టిదో ప్రవాసాంధ్రులమైన మనకు తెలియును. మతమేదైనను, కులమేదైనను, క్రొత్తగా వచ్చినవారికి మన సమాజపు వాకిలియు తెరచియుండవలెనని కోరుచున్నాము.