వ్రేళ్లకు దొరకిన శిల్పము

ప్రదర్శనశాలలలో విగ్రహముల చెంత తాకరాదని వ్రాసి యుంచుట అందఱు నెఱిగినదే. పలువురి చేతుల చెమటయు జిడ్డును సోకినచో రాయి మాసిపోవును. కంచు వన్నె చెడును. కావున ఆ నిషేధము అకారణము కాదు. అయినను కన్నులు లేనివారికి చేతులే కన్నులు గదా! వారిని తాకవలదనుట చూడవలదనుటయే యగును. ఆ నిషేధము తనకై సడలింపబడినపుడు, చేతులు శిల్పమును ఎంత లోతుగా గ్రహింపగలవో లోకమునకు తెలియజేసిన మహనీయురాలు హెలెన్ కెల్లర్.

ఆమె అమెరికా దేశమున అలబామా రాష్ట్రమందలి టస్కంబియా అను చిన్న పట్టణమున 1880వ సంవత్సరము జూన్ 27వ తేదీన జన్మించెను. 19 నెలల ప్రాయమున తీవ్రమైన జబ్బు చేసి, ఆమె చూపును వినికిడిని ఒక్కమారే హరించెను. మాటలు నేర్వవలసిన వయసున మాట వినబడకపోవుటచే ఆ బాలిక మూగదియు నయ్యెను. తన కోరిక తెలుపలేక, ఇతరుల భావము తెలియక, కోపముతో చేతికందిన వస్తువులను విసరికొట్టుచుండెను.

1887 మార్చి 3వ తేదీన ఆన్ సలివన్ అను 20 ఏండ్ల యువతి ఆమెకు ఉపాధ్యాయినిగా వచ్చెను. సలివనును బాల్యమున కంటిజబ్బుచే బాధపడి, బోస్టను నగరమందలి పెర్కిన్స్ అంధవిద్యాలయమున చదివినదే. ఆమె ఏదేని వస్తువును పిల్ల చేతికిచ్చి, దాని పేరులోని అక్షరములను అరచేతిలో వ్రేళ్ల గుర్తులతో తెలుపుచుండెను. నెల గడచినను పిల్లకు గుర్తులే గాని అర్థము పట్టుబడలేదు. ఒకనాడు నీటిపంపు చెంత హెలెన్ యొక్క ఒక చేతిపై చల్లని నీరు పాఱుచుండగా, రెండవ చేతిలో సలివన్ నీటి పేరును వ్రాసెను. ప్రతి వస్తువునకును ఒక పేరు కలదను సత్యము ఆ పిల్లకు తటాలున స్ఫురించెను. నాడే ఆమె పెక్కు పదములు నేర్చెను. ఆపై ఆమె చదువు ఆగలేదు.

1893లో చికాగో నగరమున, కొలంబసు అమెరికాను చేరి 400 ఏండ్లు గడచిన సందర్భమును పురస్కరించుకొని గొప్ప ప్రదర్శనము జరిగెను. హెలెనుకు అప్పుడు 13 ఏండ్లు. సలివనును, టెలిఫోను నిర్మాతయగు అలెగ్జాండర్ గ్రాహం బెల్లును ఆమె వెంట నుండిరి. ప్రదర్శనాధ్యక్షుడగు హిగిన్‌బోతమ్ వస్తువులను తాకి చూచుటకు ఆమెకు ప్రత్యేకముగా అనుమతి నొసగెను. ఆ ఒక్క మాటతో ఆమెకు లోకమంతయు తెఱువబడినట్లయ్యెను. 3 వారములపాటు ఆమె యంత్రములను, పాత్రలను, ఫ్రెంచి శిల్పుల కంచు విగ్రహములను తడవి తడవి చూచెను. భారతదేశపు అంగడిలో శివుని మూర్తులును గజముఖుని ప్రతిమలును ఉండెను. తాను పుస్తకములలో చదివిన దేశమే ఎదుట నిలిచినట్లు ఆమెకు తోచెను. ఈజిప్టు దేశపు మమ్మీలను మాత్రము తాకుటకు ఆమె జంకెను. ఆ వయసు పిల్లకు అది సహజమే!

ఆమె 1903లో ఆత్మకథను ప్రకటించి, 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాలనుండి పట్టము పొందెను. ఆ ఆత్మకథలో, శిల్పముల వంకరలను, గీతలను తడవునపుడు శిల్పి తలపులు తనకు తెలియునని ఆమె వ్రాసినది. రాతి ముఖములందలి ద్వేషమును, ధైర్యమును, ప్రేమను ఆమె వ్రేళ్లు గుర్తింపగలిగెను. గ్రీకుల ఆదికవియగు హోమరు అంధుడని ప్రతీతి. ఆ కవి ముఖమును చెక్కిన ఫలకమొకటి ఆమె చదువుకొను గది గోడపై చేతికందునంత దిగువన వ్రేలాడుచుండెను. చూపఱులకై కట్టిన పటమైనచో అంత దిగువన ఎవరు కట్టుదురు?

1950 ప్రాంతమున, 70 ఏండ్ల వయసున, ఆమె ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోయెను. డొనాటెల్లో, మైకెలాంజెలో అను మహాశిల్పుల విగ్రహములు అచట ఎత్తున నెలకొనియున్నవి. నేలపై నిలిచిన వారి చేతికి అవి అందవు. అందుచే అచటివారు ఆమెకై కదల్చుటకు వీలైన సారువ కట్టించిరి. ఆ వృద్ధురాలు దానిపై కెక్కి, పాలరాతి ముఖములను, భుజములను నెమ్మదిగా తడవి చూచెను. వెంట నున్న అమెరికా శిల్పి జో డేవిడ్‌సన్ ఆ విగ్రహములను అంతకుముందే చూచియున్నవాడు. అయినను ఆమె చేతుల కదలికను గమనించుచుండగా, మునుపెన్నడు నెఱుగనంత సన్నిహితముగా అవి అతనికి గోచరించెను. కన్నులున్న శిల్పికే ఆ చేతులు చూపు నిచ్చినవి!

ఈ భాగ్యము ఆమెకు కలుగుటకు ఆమె కీర్తియు ఒక కారణమనుట నిజము. పేరులేని అంధునకై సారువ కట్టువారెవరు? 1924 మొదలు ఆమె అమెరికా అంధసేవాసంస్థ పక్షమున పనిచేయుచు, దేశదేశములు తిరిగి, అంధులకు విద్యయు, పనియు, పుస్తకములును కావలెనని వాదించెను. 1955లో మన దేశమునకును వచ్చి, ప్రధానమంత్రి నెహ్రూ ముఖమును తన వ్రేళ్లతో తడవి చూచెను. 1968 జూన్ 1వ తేదీన ఆమె పరమపదించెను.

తరువాతి కాలమున పెక్కు ప్రదర్శనశాలలు అంధులకై తాకుటకు వీలైన ప్రతిరూపములను చేయించినవి. మన ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలోను 2015లో అట్టి ప్రతిమలతో అనుభవ్ అను విభాగము నేర్పఱచిరి. అంతకుమునుపే, 2009లో, వాషింగ్టను నగరమందలి అమెరికా శాసనసభాభవనమున హెలెన్ కంచు విగ్రహమును నెలకొల్పిరి. అందామె 7 ఏండ్ల పిల్లగా నీటిపంపు చెంత నిలిచియున్నది. పీఠముపై సామాన్యాక్షరములతో పాటు, వ్రేళ్లతో చదువుకొనుటకు బ్రెయిలు లిపియు చెక్కబడియున్నది.