మహావైద్యుడు అర్రాజీ – లక్వా వ్యాధి పరిశీలన

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఉర్దూ మాట్లాడే ఇంట నైనను, తెలుగు మాట్లాడే ఇంట నైనను 'లక్వా' అనే మాట చెవిని పడగానే గుండె గుభేలుమంటుంది. రాత్రి సుఖంగా నిద్రించిన మనిషికి తెల్లవారేసరికి మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక కన్ను మూతపడకపోవుట, పుక్కిలించిన నీరు పెదవి కొసనుండి కారిపోవుట దీని లక్షణాలు. కొందరు దీనిని గాలి సోకినదంటారు. కొందరు పక్షవాతమే వచ్చినదని నిరాశ చెందుతారు. మెదడు దెబ్బతిని ముఖము వంకరపోవుట వేరు, ముఖనాడి మాత్రమే దెబ్బతిని వంకరపోవుట వేరు. రోగి ముఖమును శ్రద్ధగా చూచినచో ఈ భేదం తెలుస్తుందని సుమారు పదకొండు వందల సంవత్సరాలకు పూర్వమే గ్రహించిన వైద్యుడు అబూబకర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియా అర్రాజీ. ఐరోపావారు ఆయనను రేజెస్ అని పిలిచారు. ఆ మహనీయుని జీవితమును, ఈ వ్యాధి విషయంలో ఆయన చూపిన పరిశీలనాశక్తిని మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయుట మా ఉద్దేశము.

జననము – విద్యాభ్యాసము

అర్రాజీ 865వ సంవత్సరంలో ఇరాన్ దేశమందలి రై నగరంలో జన్మించాడు. నేటి టెహరాన్ నగరమునకు చేరువలోనే ఆ ప్రాచీన పట్టణము ఉండెడిది. రై నగరమునకు చెందినవాడు కనుకనే ఆయనకు రాజీ అనే పేరు వచ్చినది. తెలుగులో ఆ మాటకు వేరొక అర్థమున్నది గాని, సత్యాన్వేషణలో ఆయన ఎవరితోను రాజీపడినవాడు కాడు.

యౌవనంలో ఆయనకు సంగీతముపై మక్కువ ఎక్కువ. పిమ్మట రసవాద విద్యవైపు మనస్సు మళ్ళినది. పుటములు పెట్టుట, బట్టీ పట్టుట, లవణములను, లోహములను వర్గీకరించుట మొదలైన పనులలో ఆయన గడించిన అనుభవము తరువాత ఔషధముల తయారీకి అక్కరకు వచ్చినది. వైద్యవిద్యను ఆయన ముప్పది సంవత్సరాలు దాటిన పిమ్మటనే ఆరంభించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. వయస్సు మీరినదని చదువు మానుకొనువారికి ఇంతకంటె మంచి సమాధానము వేరొకటి ఉండబోదు.

ఆసుపత్రి అధిపతిగా

అర్రాజీ మొదట రై నగరపు ఆసుపత్రికి, తరువాత బాగ్దాదు ఆసుపత్రికి ప్రధాన వైద్యుడుగా పనిచేశాడు. ఆయన కొలువు తీరే విధానమును ఇబ్న్ అన్నదీమ్ అనే గ్రంథకర్త వర్ణించి యున్నాడు. అర్రాజీ మధ్యలో కూర్చుండగా ఆయన చుట్టూ శిష్యులు, వారి చుట్టూ ఆ శిష్యుల శిష్యులు వలయాలుగా కూర్చుండెడివారు. రోగి వచ్చి తన బాధను మొదట బయటి వలయములోనివారికి విన్నవించుకొనెడివాడు. వారికి తెలియనిచో లోపలి వలయమునకు, వారికిని తెలియనిచో చివరకు గురువు వద్దకు ఆ సమస్య చేరెడిది. రోగికి వైద్యము, శిష్యులకు పాఠము ఒకేచోట జరిగినవి. నేటి వైద్య కళాశాలలలో రోగి మంచము చుట్టూ విద్యార్థులు గుమిగూడి నేర్చుకొను పద్ధతికి ఇది పూర్వరూపమని చెప్పవచ్చును.

పేదలయెడ ఆయన ఎంతో దయగలవాడు. వారికి వైద్యము చేయుటయే గాక జరుగుబాటుకు కూడ సహాయము చేసెడివాడు. వైద్యుడు అందుబాటులో లేనివారి కొరకు, ఇంటిలో దొరకు వస్తువులతో చేసికొనదగిన చికిత్సలను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమునే వ్రాశాడు.

పోల్చి చూచుట – వేరు చేయుట

అర్రాజీ ప్రజ్ఞ అంతయు ఒక గుణములో ఇమిడి యున్నదని మా అభిప్రాయము. పైకి ఒకే విధముగా కనిపించు రెండు విషయాలను పక్కపక్కన నిలిపి, ఓపికతో పరిశీలించి, వాటి భేదమును పట్టుకొనుట ఆ గుణము. మశూచి, తట్టు రెండును జ్వరముతో వచ్చి ఒంటిపై పొక్కులు, దద్దుర్లు లేపునవే. ఈ రెండింటి లక్షణాలను విడదీసి వివరించుచు ఆయన వ్రాసిన చిన్న గ్రంథము ప్రపంచ ప్రసిద్ధి పొందినది. 1848లో గ్రీన్‌హిల్ అను ఆంగ్ల వైద్యుడు దానిని ఇంగ్లీషులోనికి అనువదించాడు.

మెదడు పొరల వాపు రానున్న సూచనలు గల రోగుల విషయంలో ఆయన మరింత ముందడుగు వేశాడు. కొందరికి ఆనాటి పద్ధతి ప్రకారము రక్తము తీయించి, మరికొందరికి కావలెననియే తీయించక, ఫలితములను పోల్చి చూచాడు. ఆయన నిర్ణయము సరియైనదా కాదా అన్నది అటుంచి, చికిత్స పనిచేయుచున్నదో లేదో తెలియుటకు చికిత్స పొందనివారిని కూడ చూడవలెనను ఆలోచన ఆ కాలములో కలుగుట ఆశ్చర్యకరము. గ్రీకు వైద్యాచార్యుడు గాలెన్‌ను గురువుగా గౌరవించుచునే, తన అనుభవమునకు సరిపడని అంశాలను సందేహించుచు ఒక గ్రంథము రచించుటకు కూడ ఆయన వెనుదీయలేదు.

లక్వాను చూచిన కన్ను

ఈ దృష్టితోనే ఆయన లక్వాను పరిశీలించాడు. మన ఆయుర్వేద గ్రంథాలలో ఈ వ్యాధికి అర్దితమని పేరు. గ్రీకులు కూడ దీనిని ఎరుగుదురు. కాని వివరములను విడదీసి చెప్పుటలో అర్రాజీ వారికంటె ముందుకు సాగినాడు.

మూతి వంకరపోవుటకు రెండు కారణములుండవచ్చును. వ్యాధి సోకిన వైపు కండరములు బిగుసుకొని ముఖమును తమ వైపు లాగుకొనుట మొదటిది. వ్యాధి సోకిన వైపు కండరములు పట్టు సడలి పడిపోగా, ఆరోగ్యముగా నున్న వైపు ముఖమును లాగివేయుట రెండవది. మొదటి దానిలో వంకరపోయిన వైపే రోగము, రెండవ దానిలో రోగము ఎదుటి వైపున. ఈ భేదము తెలియని వైద్యుడు మంచి చెంపకు మందు పూయును. బిగింపును, చచ్చుబాటును అర్రాజీ స్పష్టముగా వేరు చేశాడు. మెదడులోని దోషమువలన కలుగు లక్వాను, మెదడు వెలుపలి నాడికి కలుగు లక్వాను కూడ వేరు చేశాడు. నుదుటి ముడుతలు మాయమగుటను ఆయనయే మొదట వర్ణించాడని వైద్యచరిత్ర పరిశోధకులు గుర్తించారు. రెండు వైపుల ఒకేసారి వచ్చు లక్వాను కూడ ఆయన పేర్కొన్నాడు. అట్టి రోగికి మూతి ఏ ప్రక్కకు వంకరపోదు కనుక దానిని గుర్తించుట మరింత కష్టము.

నుదుటి ముడుతకు ఇంత ప్రాముఖ్యమెందుకు? ముఖములోని పై భాగమునకు మెదడు రెండు వైపుల నుండియు ఆజ్ఞలు అందును. కాబట్టి మెదడులో ఒక ప్రక్క దెబ్బతిన్నను రోగి కనుబొమలు పైకెత్తి నుదురు ముడువగలడు. ముఖనాడియే దెబ్బతిన్నచో ఆ వైపు నుదురు కూడ నునుపుగా, కదలిక లేక ఉండిపోవును. నేటికిని వైద్యులు రోగిని మొట్టమొదట కనుబొమలు ఎత్తమని అడుగుట ఇందుకే.

తరువాతి వారు

జర్మనీలో ఫ్రీడ్రైఖ్ 1798లో ఇట్టి రోగులను వర్ణించాడు. స్కాట్లండు దేశీయుడగు సర్ చార్లెస్ బెల్ 1821 నుండి చేసిన పరిశోధనలతో ముఖనాడి మార్గమును, దాని పనిని స్థాపించగా, కారణము తేలని లక్వాకు బెల్స్ పాల్సీ అని పేరు వచ్చినది. ఇది సోకినవారిలో పదింట ఏడుగురు మందు లేకయే పూర్తిగా కోలుకొందురు.

లక్వాలలో మరొక భేదమును 1907లో అమెరికా వైద్యుడు జేమ్స్ రామ్సే హంట్ బయటపెట్టాడు. చిన్నతనములో వచ్చిన ఆటలమ్మ తగ్గినను, దాని వైరసు శరీరమును విడిచిపోదు. నాడుల కణుపులలో దాగి యుండి, వయస్సు మీరినప్పుడో, ఒంటిలో సత్తువ తగ్గినప్పుడో మేల్కొనును. నడుముపైనో, ఛాతీపైనో ఒకే వైపు పట్టీవలె లేచు పొక్కులను మనవారు సర్పి అందురు. అదే వైరసు చెవి వద్దనున్న ముఖనాడి కణుపులో మేల్కొన్నచో చెవిలో తీవ్రమైన పోటు, చెవిదొప్పపై నీటి పొక్కులు, ఆ వైపు ముఖమునకు చచ్చుబాటు కలుగును. చెవిలో హోరు, వినికిడి తగ్గుట, తల తిరుగుట కూడ తోడగును. ఇది సాధారణ లక్వాకంటె కఠినమైనది. చికిత్స ఆలస్యమైనచో ముఖము పూర్తిగా బాగుపడు అవకాశము తగ్గిపోవును.

కాబట్టి లక్వా రోగి చెవిని తప్పక పరీక్షించవలెను. వైరసును అణచు మందును, వాపు తగ్గించు స్టెరాయిడును వైద్యుని సలహాపై సాధ్యమైనంతవరకు మూడు రోజులలోపే ఆరంభించుట మేలు. మూతపడని కంటికి చుక్కల మందు వేసి, రాత్రివేళ కప్పి కాపాడవలెను. మూతి వంకరతోపాటు కాలు, చేయి పడిపోయినను, మాట తడబడినను అది మెదడు వ్యాధి కావచ్చును గనుక ఒక్క గంట కూడ ఆలస్యము చేయరాదు. తాయెత్తు కట్టించుటలోను, పసరు పోయించుటలోను, పొక్కులపై ఎర్రమన్ను పూయించుటలోను గడచిపోవునవి ఆ విలువైన మూడు రోజులే.

చివరి దినములు – గ్రంథముల కీర్తి

అర్రాజీ జీవితమంతయు చదువుట, వ్రాయుటలతోనే గడచినది. ఆయన రచనల పట్టికను తయారుచేసిన అల్‌బీరూనీ 184 గ్రంథములను పేర్కొన్నాడు. రాత్రింబవళ్ళు వ్రాయుటవలన తన చూపు మందగించినదని, చేతి కండరములు పట్టు తప్పినవని ఆయనయే చెప్పుకొన్నాడు. వృద్ధాప్యంలో కన్నులకు శుక్లాలు కమ్మి అంధుడైనాడు. శస్త్రచికిత్సకు వచ్చిన వైద్యుని కంటి పొరల సంఖ్య అడిగి, అతడు చెప్పలేకపోగా త్రిప్పి పంపివేసినాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. 925లో తన జన్మస్థలమైన రై నగరంలోనే ఆయన కన్నుమూశాడు.

ఆయన విడిచిపోయిన చిత్తుప్రతులను శిష్యులు కూర్చగా అల్‌హావీ అను బృహద్గ్రంథమైనది. గ్రీకు, సిరియా, అరబ్బు వైద్యులతో పాటు మన చరక సుశ్రుతుల అభిప్రాయాలను కూడ అందులో పొందుపరచాడు. ఇతరుల మాట తరువాత తన అనుభవమును చేర్చునప్పుడు, నాది అని అర్థమిచ్చు ఒక చిన్న అరబ్బీ పదమును ముందుంచుట ఆయన అలవాటు. ఇతరుల విద్య ఎంత, తన పరిశీలన ఎంత అన్నది చదువరికి దాచకుండ చూపుట పండితులకు ఉండదగిన నిజాయితీ. సిసిలీలో ఫరజ్ బిన్ సాలిమ్ అను యూదు వైద్యుడు 1279లో దీని లాటిన్ అనువాదమును ముగించగా, 1486లో ఇటలీలోని బ్రెషియా నగరములో అది అచ్చయినది.

ఆ గ్రంథపు అరబ్బీ మూలమును అచ్చువేసిన ఘనత మన హైదరాబాదుకు దక్కినదని చెప్పుటకు మాకు గర్వముగా ఉన్నది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ నుండి 1955 మొదలుకొని 23 సంపుటములుగా దానిని ప్రచురించినది. మేడ్చల్ నుండి బస్సెక్కి పోగల దూరములోనే అర్రాజీ విద్య అంతయు అక్షరరూపము దాల్చినదన్నమాట. ఆయన వర్ణించిన మశూచిని 1980 నాటికి టీకా ఈ భూమిపైనుండి తుడిచివేసినది. నేడు శామీర్‌పేట సమీపమున గల జీనోమ్ వ్యాలీలోనే టీకాలు తయారగుచున్నవి.

విద్యార్థులారా! గ్రంథములు మనకు చేరువలో ఉన్నవి, ఔషధములు చేరువలో ఉన్నవి. ఒకేలా కనిపించు రెండింటిని నిదానించి చూచి వేరు చేయు బుద్ధిని మాత్రము ఎవరికి వారే అలవరచుకొనవలెను. మీ ఇంటనో, పొరుగింటనో ఎవరి మూతియైనను వంకరపోయినచో కేకలు వేయక, నుదురు కదలుచున్నదా, కన్ను మూతపడుచున్నదా, చెవిలో పొక్కులున్నవా, కాలు చేయి ఆడుచున్నవా అని చూచి, వెంటనే వైద్యుని వద్దకు తోడ్కొని పొండు. అర్రాజీ విద్యకు మనము చూపగల గౌరవము అదియే.