కలియుగ భీముడు కోడి రామమూర్తి

కోడి రామమూర్తి నాయుడు, గామా పహిల్వాన్, మహమ్మద్ అలీ తలపడితే గెలుపెవరిదని మన విద్యార్థులు వాదించుకోవడం మేము వింటూనే ఉంటాం. తీర్పుకు ముందు మన తెలుగు మల్లుని జీవితాన్ని స్మరించుకొందాం.

ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1880 దశకంలో జన్మించిన రామమూర్తి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. పిదప సర్కస్ స్థాపించి దేశమంతటా పర్యటించారు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. ఏనుగును ఎదపై మోసేవారు. కదలబోయే మోటారుకార్లను పట్టి నిలిపేవారు. ఈ బలమంతా వ్యాయామం, ప్రాణాయామాల వలన సిద్ధించినదే. అంతటి వీరునికి కాలిపుండు ముదరగా ఒక కాలు తొలగించవలసి వచ్చింది. 1942లో ఆయన కీర్తిశేషులైనారు.

ఇక వాదన మాట. 1910లో లండన్‌లో గామా, పోలెండు మల్లుడు జిబిష్కో తలపడినప్పుడు గెలుపోటములు తేలలేదు. 1928లో పాటియాలాలో గామా అదే జిబిష్కోను నిమిషంలోపే పడగొట్టారు. అదే జంటకు కాలం వేరైతే ఫలితమూ వేరైనది. అట్టిచో భిన్న తరాల వీరులకు, అందునా కుస్తీకీ బాక్సింగుకూ నడుమ తీర్పు చెప్పగలమా? బరిలో నిలపవలసినది ఏ రామమూర్తిని? ఏనుగును మోసిన నాటి వారినా, కాలు కోల్పోయిన నాటి వారినా?

విద్యార్థులు వాదన మానవలసిన పనిలేదు. వాదనతోపాటు ఆ మహామల్లుల సాధనలో కొంతైనా అలవరచుకొంటే మేము సంతోషిస్తాం.