మాక్స్ విల్మ్స్ గారి జీవితం

ఇంతవరకు మన గోడ పత్రికలో నాయకుల గురించి చదివాం. ఈసారి నేను ఒక డాక్టరు గారి గురించి రాస్తున్నాను. పిల్లలకు వచ్చే ఒక కిడ్నీ క్యాన్సరుకు ఆయన పేరే పెట్టారు. అందుకే పిల్లల డాక్టర్లందరికీ ఆయన తెలుసు.

విల్మ్స్ గారు 1867 నవంబరు 5న జర్మనీలో పుట్టారు. తండ్రి లాయరు. 1890లో డాక్టరు చదువు పూర్తిచేసి, తర్వాత లైప్‌జిగ్‌లో పెద్ద సర్జను దగ్గర పనిచేశారు. 1899లో గడ్డల మీద పుస్తకం రాశారు. పిల్లల కిడ్నీ గడ్డలో కండ లాంటి ముక్కలు కూడా ఉంటాయి. కిడ్నీలో కండ ఎందుకుంటది? బిడ్డ తల్లి కడుపులో తయారయ్యేటప్పటి కణాలే ఇలా గడ్డగా పెరుగుతాయని ఆయన చెప్పారు. 1814లోనే రాన్స్ అనే ఆయన ఈ గడ్డ గురించి రాశారంట, గానీ పేరు విల్మ్స్ గారిదే నిలిచింది. పాపం రాన్స్!

ఆ కణాలు ఎందుకు ఆగకుండా పెరుగుతాయో విల్మ్స్ గారి కాలంలో తెలియదు. 1972లో నడ్సన్, స్ట్రాంగ్ అనే డాక్టర్లు దీనికి లెక్క చెప్పారు. మనలో ప్రతి జన్యువు రెండు ఉంటాయి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. జొన్న చేనుకు మంచె మీద ఇద్దరు కాపలా ఉన్నట్టు. ఒకరు నిద్రపోయినా ఇంకొకరు చూస్తారు. ఇద్దరూ పడుకుంటే పందులు పడతాయి. అలాగే కాపలా జన్యువులు రెండూ చెడితే గడ్డ పెరుగుతుంది. 1990లో 11వ క్రోమోజోములో అలాంటి జన్యువు ఒకటి దొరికింది. దానికి డబ్ల్యూటీ1 అని పేరు. డబ్ల్యూ అంటే విల్మ్సే.

మా వైపు పసిబిడ్డకు పొట్ట ఉబ్బితే తల్లి ఏదో తిన్నదంటారు, లేదా చేతబడి అంటారు. ఆముదం రాసి రుద్దుతారు. కానీ నూటికి ఒకరిద్దరికే ఇది కుటుంబంలో వస్తుంది. మిగతా వాళ్ళకు జన్యువు దానంతట అదే చెడుతుంది. తల్లి తప్పు ఏమీ లేదు. ఎక్కువగా స్నానం చేయించేటప్పుడు తల్లి చేతికే గడ్డ తగులుతుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. రుద్దితే లోపల చిట్లవచ్చు, ఊరికే నొక్కకూడదు. త్వరగా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మంచి వైద్యం అందే దేశాల్లో 100 మందిలో దాదాపు 90 మంది బతుకుతున్నారు.

విల్మ్స్ గారు 1910 నుండి హైడెల్‌బర్గ్‌లో ప్రొఫెసరుగా ఉన్నారు. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1918లో ఖైదీగా ఉన్న ఫ్రెంచి సైనికాధికారికి కంఠసర్పి వచ్చి ఊపిరి ఆడలేదు. శత్రువు అనుకోకుండా విల్మ్స్ గారు గొంతుకు ఆపరేషను చేశారు. ఆ జబ్బే ఈయనకు అంటుకుంది. మే 14న చనిపోయారు. అప్పటికి 50 ఏళ్ళే. ఆ ఖైదీ బతికాడు.