చక్రవాకాల ఊరికి ప్రయాణం



మొన్నటి చలికాలంలో ఒక ఉదయం, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దగ్గరున్న నీటిగుంటల వైపు పిల్లలతో కలిసి పక్షులను చూడడానికి వెళ్లాను. చలికాలపు బాతులు వేసవిలో ఎక్కడికి పోతాయని ఒక అమ్మాయి అడిగింది. వాటిలో కొన్ని హిమాలయాలు దాటి టిబెట్ పీఠభూమికి వెళ్తాయని చెప్పాను. అయితే సెలవుల్లో మనమూ వెళ్దామంటూ పిల్లలు అక్కడే సామాన్ల జాబితా మొదలుపెట్టారు. ఆ పీఠభూమికి పక్షుల కోసమే వెళ్లిన ఒకాయన కథ ముందు వినండి. ఆయన పేరు సలీం అలీ.

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరూ పోతే మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు రంగు మచ్చ ఉంది. అది ఏ పక్షో మేనమామకు తెలియలేదు. తెలుసుకు రమ్మని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ అరల నిండా భద్రపరచిన పక్షులను చూసిన ఆ పిల్లవాడు జీవితమంతా పక్షుల వెంటే నడిచాడు.

నడక సులువుగా సాగలేదు. పెద్ద డిగ్రీ లేదని కోరుకున్న ఉద్యోగం రాలేదు. మ్యూజియంలో దొరికిన చిన్న కొలువు నుంచి సెలవు పెట్టి జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేక ఆ కొలువే రద్దయింది. సముద్రం ఒడ్డున కిహిమ్ గ్రామంలో ఉంటూ గిజిగాడి గూళ్లను రోజూ గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆగుతుందని, ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే పూర్తిచేస్తుందని రాసుకున్నారు.

తర్వాత ఆయనకు ఒక ఉపాయం తోచింది. జీతం వద్దు, శిబిరం ఖర్చులు ఇస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ లెక్కగట్టి ఇస్తానని సంస్థానాలకు చెప్పారు. 1931లో మన హైదరాబాద్ సంస్థానంలో సర్వే మొదలైంది. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి కూడా తిరిగారు. అడవిలో గుడారాలు, వంట, బండ్లు, ఇవన్నీ చూసుకున్నది ఆయన భార్య తెహ్మినా. 1939లో ఆమె చనిపోయారు. ఆ దుఃఖంలోనూ ఆయన పని ఆపలేదు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది.

1945లో, 49వ ఏట, ఆయన కైలాస మానససరోవర యాత్రకు బయలుదేరారు. భక్తులు శిఖరం కోసం వెళ్లే దారిలో ఆయన పక్షుల కోసం నడిచారు. ఆ సరస్సు సుమారు 4,590 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన, చెట్లు దాదాపు ఉండవు. కనుమల్లో మంచు కరిగాకే దారి తెరుచుకుంటుంది. పక్షులు గుడ్లు పెట్టేదీ ఆ కొద్ది వేసవిలోనే. మన కావ్యాల్లోని చక్రవాకం, చలికాలంలో గోదావరి, కృష్ణా తీరాలకు వచ్చే ఆ నారింజ రంగు బాతు, పిల్లల్ని కనేది అలాంటి చోటే. తల మీద రెండు నల్లని పట్టీలుండే బాతులు కూడా ఆ పీఠభూమి సరస్సుల ఒడ్డునే గూళ్లు కడతాయి. ఆ యాత్రలో చూసినదంతా ఆయన సొసైటీ పత్రికలో వ్యాసంగా రాశారు.

1959 నుంచి సొసైటీ ఆయన నాయకత్వంలో వేలాది పక్షుల కాళ్లకు అంకెలున్న చిన్న ఉంగరాలు తొడిగింది. ఒకచోట తొడిగిన ఉంగరం మరో దేశంలో దొరికితే ఆ పక్షి ప్రయాణం తెలుస్తుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు మనం జవాబు చెప్పగలుగుతున్నామంటే ఇలాంటి పని వల్లే. 1976లో పద్మవిభూషణ్ అందుకున్న సలీం అలీ 1987 జూన్ 20న కన్నుమూశారు.

పిల్లలూ, మీ జాబితాలో దుప్పట్లు, బైనాక్యులర్లు, బిస్కెట్లు ఉన్నాయి. నోటుపుస్తకం లేదు. దాన్ని మొదట రాయండి. సలీం అలీ గిజిగాడి గూటి నుంచి మానససరోవరం చేరడానికి పదిహేనేళ్లు పట్టింది. అమ్మానాన్నల బదిలీలతో మీరు చాలా ఊళ్లు చూస్తారు. నేనూ అలాగే తిరుగుతున్నాను. ఊరు మారిన ప్రతిసారీ స్నేహితులు దూరమవుతారు, ఆ బాధ నాకు తెలుసు. కానీ ప్రతి ఊళ్లో చూసిన పక్షుల పేర్లు, తేదీలు ఒక పేజీలో రాసుకుంటే ఆ ఊరు మీతోనే వస్తుంది. పీఠభూమికి వెళ్లే రోజుకు ఆ పుస్తకం నిండి ఉండాలి. మొదటి పేజీ మీద ఖరగ్‌పూర్ అని రాయండి.