హాబీ సంగీతం వినడమా? సరే, ఏ సంగీతం?

మీ రెజ్యూమె చివరి లైను ఒకసారి చూసుకోండి. హాబీస్ అన్నచోట లిజనింగ్ టు మ్యూజిక్ అని ఉందా? నా దాంట్లోనూ అదే ఉండేది. బీటెక్ ఫైనలియర్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. టెక్నికల్ ప్రశ్నలు ఎలాగోలా గట్టెక్కాను. చివర్లో ఏ సంగీతం వింటావు, ఎందుకు నచ్చుతుంది అని అడిగారు. అన్నీ వింటానండీ అన్నాను. ఎందుకు అన్నదానికి మాత్రం నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణం కాకపోవచ్చు, కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ప్రశ్నకు జీవితమంతా తడబడకుండా జవాబు చెప్పిన మనిషి ఒకడున్నాడు. స్వాన్ లేక్ బ్యాలే పేరు వినే ఉంటారు. దాని సంగీతకర్త, రష్యాకు చెందిన ప్యోతర్ చైకోవ్‌స్కీ. అతనూ మొదట మనలాగే ఉద్యోగం చేసుకున్నవాడే.

ఇంజినీరు ఇంట్లో ఒక పెట్టె

చైకోవ్‌స్కీ 1840లో వోట్కిన్‌స్క్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గనుల ఇంజినీరు, అక్కడి ఇనుప కర్మాగారానికి అధికారి. వాళ్లింట్లో ఆర్కెస్ట్రియన్ అని ఒక యంత్రం ఉండేది. వాద్య బృందం వాయిస్తున్నట్టే దానంతటదే పాటలు పలికే పెద్ద పెట్టె అన్నమాట. అందులో మొజార్ట్ రాసిన డాన్ జొవాన్ని ఒపెరాలోని పాట ఒకటి ఉండేది. ఒపెరా అంటే తెలుసుగా, మాటల బదులు దాదాపు కథంతా పాటలోనే నడిచే నాటకం. ఆ పాట పిల్లాడి మనసులో పడిపోయింది. సంగీతానికి తన జీవితం ఇచ్చేయడానికి కారణం మొజార్టేనని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు.

ఇంట్లోవాళ్ల లెక్క మాత్రం వేరు. పదేళ్లకే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని న్యాయ పాఠశాలలో వేశారు. చదువైపోతే సర్కారీ కొలువు ఖాయం. పద్నాలుగేళ్లప్పుడు తల్లి కలరాతో చనిపోయింది. మావాడు సంగీతంలో పైకొస్తాడా అని తండ్రి పియానో మాస్టారిని అడిగితే, ఆయన ఆ దారి వద్దన్నాడు. 1859లో, పందొమ్మిదేళ్లకే, చైకోవ్‌స్కీ న్యాయశాఖలో గుమస్తాగా చేరిపోయాడు.

రాజీనామా ఎప్పుడు పెట్టాడు?

ఇక్కడ కాస్త ఆగి చూడండి. ఇష్టమైన పని కోసం అన్నీ వదిలేయ్ అనే మోటివేషన్ వీడియోలు మీరు చాలానే చూసుంటారు. చైకోవ్‌స్కీ అలా చెయ్యలేదు. 1861లో ఉద్యోగం చేస్తూనే సంగీతం క్లాసులకు వెళ్లాడు. ఇంకా ఆలస్యమేం కాలేదని ఈసారి తండ్రే ధైర్యం చెప్పాడు. మరుసటేడు నగరంలో కొత్తగా పెట్టిన సంగీత కళాశాలలో సీటు తీసుకున్నాడు. అదే ఏడాది ఆఫీసులో ఆశపడ్డ ప్రమోషన్ చేజారింది. 1863లో గానీ కొలువు వదల్లేదు. ఆ తర్వాత ఖర్చులకు ట్యూషన్లు చెప్పుకున్నాడు. 1866లో మాస్కోలో సంగీత పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 50 రూబుళ్లు. అంటే రెండేళ్లు పరీక్షించుకుని దూకాడు, దూకాక కూడా ఇబ్బంది పడ్డాడు.

అందరూ కాదన్నది బాగుందన్నాడు

అతని అభిరుచి ఎంత సొంతమో 1876 చెబుతుంది. ఆ ఏడాది మొదట్లో పారిస్‌లో బిజే రాసిన కార్మెన్ ఒపెరా చూశాడు. అంతకుముందు ఏడాది విడుదలైనప్పుడు దానికి చప్పటి స్పందనే వచ్చింది. మూడు నెలలకే, 36 ఏళ్ల వయసులో బిజే చనిపోయాడు. చైకోవ్‌స్కీకి మాత్రం అది పిచ్చిగా నచ్చేసింది. మరో పదేళ్లలో ప్రపంచంలో అందరూ మెచ్చే ఒపెరా ఇదే అవుతుందని 1880లో రాశాడు. ఇవాళ్టికీ ఎక్కువగా ఆడే ఒపెరాల్లో కార్మెన్ ఒకటి.

అదే ఏడాది ఆగస్టులో జర్మనీలోని బైరాయిట్‌కు పత్రికా విలేకరిగా వెళ్లాడు. వాగ్నర్ రాసిన, నాలుగు రోజులు సాగే రింగ్ ఒపెరాలను మొదటిసారి మొత్తంగా ఆడుతున్నారక్కడ. యూరప్ అంతా అటే చూస్తోంది. చైకోవ్‌స్కీకి మాత్రం ప్రాణం విసిగిపోయింది. ఆ మాట దాచలేదు. అయితే అక్కడ జరిగింది చిన్న విషయం కాదని, ముందు తరాలు గుర్తుపెట్టుకుంటాయని కూడా రాశాడు. నాకు నచ్చలేదు అనడం వేరు, అందులో ఏమీ లేదు అనడం వేరు. ఆ తేడా అతనికి తెలుసు.

తన విషయంలోనూ అంతే. ఫ్రెంచి సంగీతకర్త డెలీబ్ రాసిన సిల్వియా బ్యాలే విన్నాక, దాని ముందు తన స్వాన్ లేక్ ఎందుకూ పనికిరాదనుకున్నాడు. ఆ లెక్క తప్పని ఈరోజు చాలామంది అంటారు. మంచి అభిరుచి ఉన్నవాడు తన పనిని తక్కువగా చూడడం కొత్తేం కాదు. కోడ్ రాసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

జర్మన్ సంగీతకర్త బ్రామ్స్‌తో పరిచయం ఇంకా బాగుంటుంది. బ్రామ్స్ సంగీతం అతనికి అసలు ఎక్కేది కాదు. 1888 జనవరి 1న లైప్‌జిగ్‌లో కలిస్తే మనిషి మాత్రం నచ్చాడు. మరుసటేడు హాంబర్గ్‌లో చైకోవ్‌స్కీ ఐదో సింఫనీ రిహార్సల్ వినడానికి బ్రామ్స్ ఒకరోజు ఎక్కువ ఉన్నాడు. చివరి భాగం నచ్చలేదని ముఖం మీదే చెప్పాడు. ఇద్దరూ కలిసి భోంచేశారు. టీమ్‌లో పనిచేయబోయే మీకు ఈ భోజనం గుర్తుండాలి.

స్టూడెంట్స్‌కే ఇచ్చాడు

ఒపెరాలో రాజులు, ఫారోలు, ఆర్భాటాలు అతనికి పడేవి కావు. మనలాంటి మనుషులు కావాలి. 1877లో ఒక గాయని పుష్కిన్ రాసిన యెవ్‌గెనీ అనెగిన్ కథను ఒపెరాగా చెయ్యమంది. ఇదేం ఆలోచన అనుకున్నాడు. ఆ రాత్రి మళ్లీ చదివాడు, నిద్రపోలేదు. ఒకమ్మాయి తన మనసు చెబుతూ ఉత్తరం రాస్తుంది, అతను కాదంటాడు, ఏళ్ల తర్వాత అతనే వెనక్కి వస్తాడు. అంతే కథ. పెద్ద థియేటర్‌లో హంగుల కింద ఇది నలిగిపోతుందని భయపడి, 1879లో తొలి ప్రదర్శన కాలేజీ విద్యార్థులకు అప్పగించాడు. 1881లో మాస్కో బోల్షాయ్ వేదిక ఎక్కింది. 1884లో రాజధానిలో ఆడాక ఇక వెనక్కి చూసుకోలేదు.

ఈలోగా సంపన్నురాలైన ఫాన్ మెక్ అనే ఆవిడ ఏటా 6,000 రూబుళ్లు పంపడంతో 1878లో పాఠాలు చెప్పే ఉద్యోగమూ మానేశాడు. ఇలాంటి అదృష్టం అందరికీ దొరకదు, ఒప్పుకుందాం. మొజార్ట్‌ను మాత్రం వదల్లేదు. డాన్ జొవాన్నికి వందేళ్లు నిండిన 1887లో, మొజార్ట్ రచనలను తన ఆర్కెస్ట్రాకు మలిచి మొజార్టియానా చేశాడు. 1893లో ఆరో సింఫనీని తొలిసారి తానే నడిపించిన తొమ్మిది రోజులకు, 53 ఏళ్లకే కన్నుమూశాడు.

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. కీర్తన కావచ్చు, ఇళయరాజా పాట కావచ్చు, మీకు నిజంగా నచ్చినది ఒక్కటి తీసుకుని ఎందుకు నచ్చిందో మూడు లైన్లు రాయండి. అందరూ మెచ్చినా మీకు ఎక్కనిది ఇంకొకటి తీసుకుని దానికీ మూడు లైన్లు. నాకు మొదటిసారి గంట పట్టింది. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు లెండి. కానీ ఏ పని చేస్తే నాకు టైమే తెలియదో, దేనికి ఊరికే తలూపుతున్నానో, ఆ ఆరు లైన్లు రాశాకే నాకు అర్థం కావడం మొదలైంది.