థామస్ విల్లిస్ మహాశయుడు – మెదడులోని రక్తవలయము

చెరువునకు ఒకే తూముండి అది పూడిపోయినచో, దాని క్రింది ఆయకట్టంతయు ఎండవలసినదే. రెండు మూడు తూములుండి, వాని కాలువలు దిగువన ఒకదానితో నొకటి కలిసియున్నచో, ఒకటి పూడినను తక్కినవాని నీరు అన్ని మడులకును ప్రాకును. ఈ సంగతి మన రైతు సోదరులకు నేను చెప్పవలసిన పనిలేదు. మానవుని తలలోను ఇట్టి ఏర్పాటు కలదు. అయితే అది అందరియందును ఒక్క తీరుగ నుండదు. ఈ ఏర్పాటు యొక్క ప్రయోజనమును లోకమునకు తెలియజెప్పిన థామస్ విల్లిస్ అను వైద్యుని చరిత్రమును మన గ్రంథాలయ రజతోత్సవ సంచికాపాఠకులకు నివేదించుచున్నాను.

విల్లిస్ ఇంగ్లండు దేశమున విల్ట్‌షైర్ మండలములోని గ్రేట్ బెడ్విన్ అను పల్లెయందు 1621 జనవరి 27వ తేదీన జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోయెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరి, ఒక మతాచార్యుని ఇంట పరిచర్య చేయుచు విద్య నభ్యసించెను. ఆ ఇంటి ఇల్లాలు ఔషధములు కూర్చుటలో నేర్పరి యనియు, వైద్యమునందు ఆయనకు అభిరుచి కలుగుటకు ఆమెయే కారణమనియు చెప్పుదురు. 1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము సంభవించెను. విల్లిస్ రాజపక్షమున ఆయుధము పట్టెను. ఆ యుద్ధదినములలోనే తండ్రియు గతించెను. 1646లో వైద్యపట్టమును పొందెను గాని, పట్టము పొందినంత మాత్రమున రోగులు వాకిట నిలువరు గదా! తొలిదినములలో ఆయన చుట్టుప్రక్కల ఊళ్ల సంతలకు పోయి, అచ్చటికి వచ్చిన జనులకు వైద్యము చేసి పొట్ట పోసికొనెను.

1650 డిసెంబరులో ఒక విచిత్రము జరిగెను. ఆన్ గ్రీన్ అను పనికత్తెను శిశుహత్యానేరముపై ఆక్స్‌ఫర్డులో ఉరితీసిరి. శవమును పరీక్షార్థము వైద్యులకు అప్పగించిరి. పెట్టె మూత తెరచినంతనే ఆమె గొంతులో కొన ఊపిరి వినవచ్చెను. విల్లిస్, ఆయన మిత్రుడు విలియం పెట్టీ కత్తులను ప్రక్కనబెట్టి, ఆమెకు వెచ్చదనము కల్పించి, ఉపచారములు చేసి బ్రతికించిరి. పిమ్మట ఆమెకు క్షమాభిక్ష లభించెను. ఆమె వివాహమాడి కొన్ని సంవత్సరములు జీవించెను.

1660లో విల్లిస్ ఆక్స్‌ఫర్డున ప్రకృతిశాస్త్రాచార్యుడయ్యెను. మెదడును ఉన్నచోటనే కోయక, పుర్రెనుండి సమగ్రముగ వెలికితీసి, అడుగుభాగమునుండి పరిశీలించుట ఆయన పద్ధతి. రిచర్డ్ లోయర్ అను వైద్యుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. తరువాతి కాలమున లండనులో సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన శిల్పి క్రిస్టఫర్ రెన్ చిత్రములను వ్రాసి యిచ్చెను. ఇట్లు 1664లో మెదడు నిర్మాణమును గూర్చిన ఆయన లాటిను గ్రంథము వెలువడెను.

మెదడునకు నాలుగు ధమనులు రక్తము కొనిపోవును. మెడ ముందువైపున రెండు, వెన్నుపూసల గుండా రెండు. ఇవి మెదడు అడుగున చిన్న అడ్డుకాలువలచే కలుపబడి వలయముగ నేర్పడును. ఆయనకంటె ముందును కొందరు దీనిని చూచియుండిరి. 1658లో స్విట్జర్లండు వైద్యుడగు వెప్‌ఫర్ కూడ దీనిని వర్ణించెను. ఆ వలయ మెందుకున్నదో నిరూపించుట విల్లిస్ చేసిన పని. ఆయన ఒకవైపు మెడధమనిలోనికి సిరా కలిపిన ద్రవము నెక్కించగా, అది రెండవవైపు నాళములలోనికిని వ్యాపించెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక మృతుని ఉదంతము. ఆ మనుష్యుడు కడుపులోని గడ్డచే మరణించెను. తల తెరచి చూడగా కుడివైపు మెడధమని రాయివలె గట్టిపడి దాదాపు పూర్తిగ మూసికొనిపోయియుండెను. అట్టివాడు పక్షవాతముతో ఎన్నడో కూలవలసినది. కాని బ్రతికినన్నాళ్లు అతనికి అట్టి బాధయే కలుగలేదు. కారణమేమని వెదకగా, అదే ప్రక్కన వెన్నుపూసల గుండా వచ్చు ధమని రెండవదానికంటె మూడింతలు లావై యుండెను. ఒక కాలువ పూడగా మరియొకటి దాని భారమును మోసినదన్నమాట!

అంతమాత్రమున అందరికిని ఈ రక్షణ సమానముగ కలదని తలపరాదు. పుస్తకములలో గీసిన సంపూర్ణవలయము సగముమందిలోనైనను కానరాదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కొందరిలో అడ్డుకాలువ దారమువలె సన్ననిది. కొందరిలో అసలే లేదు. మెదడు వెనుకభాగమునకు రక్తమిచ్చు ధమని కొందరిలో గర్భస్థదశయందువలె మెడ ముందరి ధమనినుండియే బయలుదేరును. గర్భమునందే మూసికొనిపోవలసిన ఒక నాళము వేయిమందిలో ఒకరు మొదలు ఆరుగురివరకు పెద్దవారైనను తెరచియే యుండును. దీనిని 1844లో రిచర్డ్ క్వెయిన్ వర్ణించెను. మెడధమని పుట్టుకతోనే లేనివారును కలరు. వారు పదివేలమందిలో ఒక్కరికంటెను తక్కువ. ఇట్టివారిలో పెక్కురు ఆ సంగతి తెలియకయే ఆయువు గడుపుదురు. 1927లో లిస్బన్ నగరమున మోనిజ్ అను వైద్యుడు ఎక్స్‌రే కిరణములతో మెదడు నాళముల చిత్రము తీసెను. ఆనాటినుండి ఈ భేదములు జీవించియున్నవారిలోనే కనబడసాగినవి. శస్త్రము పట్టు వైద్యునకు ఇవి ముందుగ తెలియకున్న ప్రాణాపాయమే.

ఇది పండితులకు మాత్రము పనికివచ్చు ముచ్చట కాదు. మా మేనమామగారికి ఒక ఉదయమున మూతి వంకరపోయి, మాట తడబడి, కుడిచేయి వ్రాలిపోయెను. పొరుగున నొకనికి ఇట్లే జరిగి సాయంకాలమునకు తనంతట తగ్గినదని మేమందరము ధైర్యము చెప్పుకొని, తైలము మర్దించుచు కూర్చుంటిమి. ఆయనకు తగ్గలేదు. ఆ చేయి మరల కలము పట్టలేదు. పొరుగువాని నాళములు వేరు, మా మామగారి నాళములు వేరు అని మాకు తెలియదాయెను. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు నేడు కలదు. కాని అది నాలుగున్నర గంటలలోపల అందవలెను. కావున మూతి, చేయి, మాట – ఈ మూటిలో ఏది అకస్మాత్తుగ తప్పినను ఇతరుల ఉదాహరణములు తలచక వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

1667లో విల్లిస్ లండను చేరి విశేషధనమార్జించెను. ఆదివారపు రాబడిని బీదలకు పంచెననియు ప్రతీతి. మన ఆయుర్వేదము మధుమేహమని ఎన్నడో పేరిడిన వ్యాధియందు మూత్రము తీయగ నుండునని పాశ్చాత్యవైద్యులకు ఆయన 1674లో వ్రాసి చూపెను. ఆయన సిద్ధాంతములలో కొన్ని కాలక్రమమున త్రోసివేయబడినవి. కన్నులార చూచి వ్రాసినవి మాత్రము నిలిచినవి. 1675 నవంబరు 11న ఊపిరితిత్తుల వ్యాధిచే పరమపదించెను. వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున ఆయన సమాధి కలదు. ఆ రక్తవలయము నేటికిని విల్లిస్ వలయమనియే పిలువబడుచున్నది.

లెక్కలు వ్రాసికొను నావంటివానికి ఆయన చరిత్రము నేర్పిన దొక్కటి. ఉండవలసిన దేదో కాక, ఉన్న దేదో చూచి వ్రాయవలెను. మన గ్రంథాలయము ఇట్టి మహనీయుల చరిత్రములను ముందుతరములకును అందించుచు వర్ధిల్లుగాక!